కారులో ఆయిల్ వాసన: కారణం పట్టుకునే పద్ధతి (మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతం)

అద్దాలు ఎత్తిన కారులో కూర్చున్నవారికి తగిలే ఇంజన్ ఆయిల్, డీజిల్, పెట్రోలు, గేర్ ఆయిల్, బ్రేక్ ఆయిల్ వాసనలన్నిటినీ వాడుకలో కలిపి ‘ఆయిల్ వాసన’ అంటున్నారు. దీనికి కారణాలు అనేకం. కొన్ని కాళ్లకింది మ్యాటు కడిగితే పోతాయి, కొన్ని పట్టించుకోకపోతే బండినే తగలబెడతాయి. మొదట్లో రెండూ ముక్కుకు ఒకేలా తోస్తాయి కాబట్టే కారణాన్ని ఓపికగా వెతకాల్సి వస్తుంది. చేయి తిరిగిన మెకానిక్‌లు వాసన ఎప్పుడు వస్తోంది, ఏ దారిన వస్తోంది అన్న రెండు సంగతులూ తేల్చుకున్నాకే పానా పట్టుకుంటారు. ఆ క్రమం తప్పితే ఒక వాషరు మార్చాల్సిన చోట సగం ఇంజన్ విప్పాల్సి వస్తుంది.

ప్రాంతం, ప్రయాణాల తీరు

హైదరాబాద్ ఉత్తర శివార్లలోని మేడ్చల్, శామీర్‌పేట 2016 అక్టోబరు 11న ఏర్పడిన మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో ఉన్నాయి. నాగ్‌పూర్ వైపు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి మేడ్చల్ మీదుగా, సిద్దిపేట, కరీంనగర్ దాటి రామగుండం చేరే రాజీవ్ రహదారి శామీర్‌పేట మీదుగా సాగుతాయి. 158 కిలోమీటర్ల అవుటర్ రింగ్ రోడ్డు ఈ రెంటినీ అడ్డంగా కలుపుతుంది. దాని మీద మేడ్చల్‌ది 6వ ఎగ్జిట్, శామీర్‌పేటది 7వ ఎగ్జిట్.

వాసన సంగతికి ఈ భూగోళం ఎందుకంటే, ఇక్కడి కారు ఒకే రోజులో మూడు రకాల బతుకు బతుకుతుంది. పొద్దున సుచిత్ర, కొంపల్లి దగ్గరో, అల్వాల్, తూంకుంట దగ్గరో మొదటి గేరులో పాకుతుంది. కాసేపటికి అవుటర్ ఎక్కి గంటకు వంద కిలోమీటర్ల వేగంతో పోతుంది. సాయంత్రం వెంచర్లలోని మట్టిదారుల్లో, ఎత్తైన స్పీడ్ బ్రేకర్ల మీద అడుగు రాసుకుంటూ ఇల్లు చేరుతుంది. జీనోమ్ వ్యాలీ ఉద్యోగులు, శామీర్‌పేటలోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయానికీ బిట్స్ హైదరాబాద్ క్యాంపస్‌కూ వచ్చిపోయేవారు, మేడ్చల్ పారిశ్రామికవాడల్లో పనిచేసేవారు రోజూ చేసే ప్రయాణం ఇదే. పొలాల పక్కన కొత్తగా లేచిన ఇళ్ల ముందు రాత్రంతా నిలిపిన కారుకు ఎలుకల బెడద కూడా తోడవుతుంది. ఒక్కో పరిస్థితి ఒక్కో రకం లీకును బయటపెడుతుంది. కాబట్టి ఈ దారుల్లో తిరిగే కారు తన జబ్బును తానే చెబుతుంది, వినే ఓపిక ఉండాలి.

గాలి లోపలికి వచ్చే దారి

నడుస్తున్న కారులోకి బయటి గాలి ముందు అద్దం మొదట్లో, వైపర్ల కింద ఉండే ప్లాస్టిక్ జాలీ నుంచి వస్తుంది. అక్కడి నుంచి క్యాబిన్ ఫిల్టరు, బ్లోయరు ఫ్యాను, ఏసీ కాయిలు దాటి డ్యాష్‌బోర్డు వెంట్లకు చేరుతుంది. ఈ జాలీ ఇంజన్ గదికి ఆనుకునే ఉంటుంది. మధ్యలో అడ్డుగా బానెట్ వెనుక అంచున ఉండే రబ్బరు బీడింగు ఒక్కటే.

బండి వేగంగా పోతున్నప్పుడు అద్దం మొదట్లో గాలి ఒత్తిడి పెరిగి, తాజా గాలి జాలీలోకి తోసుకొస్తుంది. ఇంజన్ గదిలోని వేడి గాలి కింది నుంచి వెనక్కి కొట్టుకుపోతుంది. సిగ్నల్ దగ్గర ఆగగానే ఆ ప్రవాహం ఆగుతుంది. వేడి గాలి పైకి లేచి, బానెట్ అంచు దాటి, జాలీలో దూరుతుంది. అందుకే కొంపల్లిలో ఆగి ఆగి పోతున్నప్పుడు ఘాటుగా తగిలిన మాడు వాసన, మేడ్చల్ ఎగ్జిట్ ఉన్న కండ్లకోయ దగ్గర అవుటర్ ఎక్కి వేగం అందుకోగానే మాయమవుతుంది. చాలామంది అక్కడితో సమస్య తీరిందనుకుని ఊరుకుంటారు. లీకు మాత్రం అలాగే కారుతూ ఉంటుంది, గాలి దిశ మారిందంతే.

బీడింగు ఊడిపోయినా, ఏదో రిపేరు తర్వాత సరిగ్గా బిగించకపోయినా చిన్న లీకు కూడా పెద్ద వాసనై లోపలికొస్తుంది. యాక్సిడెంటు తర్వాత బానెట్ మార్చిన కార్లలో మొట్టమొదట చూడవలసింది ఇదే. బీడింగు ధర వందల్లో ఉంటుంది. అది చూడకుండా వేల రూపాయల గ్యాస్కెట్లు మార్చడం దండగ.

జాలీ కాక ఇంకా దారులున్నాయి. ఇంజన్‌కూ క్యాబిన్‌కూ మధ్య ఉన్న ఇనుప గోడలో వైరింగు దూరే రంధ్రాలకు రబ్బరు బుష్‌లు ఉంటాయి. మ్యూజిక్ సిస్టమో అదనపు లైట్లో బిగించినవారు ఆ గోడకు కొత్త రంధ్రం వేసి, మూయకుండా వదిలేసిన కార్లు చాలా ఉన్నాయి. గేరు రాడ్డు కింది రబ్బరు తొడుగు చిరిగితే కింది నుంచి గేర్ ఆయిల్ వాసన, సైలెన్సర్ వేడి లోపలికి వస్తాయి. వెనుక డిక్కీ తలుపు రబ్బరు సంగతి మరీ ముఖ్యం. పరిగెడుతున్న కారు వెనుక గాలి ఒత్తిడి తగ్గి, సైలెన్సర్ పొగ సుడులు తిరుగుతూ తలుపుకే అతుక్కుని ఉంటుంది. డిక్కీ రబ్బరు ఎండి పగిలితే ఆ పొగ వెనుక సీటు వరకు చేరుతుంది. ముందు కూర్చున్నవారికి ఏమీ తెలియదు, వెనుక కూర్చున్న పిల్లలకు తలనొప్పి వస్తుంది. తలుపు మూసేటప్పుడు రబ్బరుకూ రేకుకూ మధ్య ఒక కాగితం పెట్టి లాగి చూస్తే, ఎక్కడ పట్టు లేదో అక్కడ కాగితం తేలిగ్గా జారి వస్తుంది.

వాసనను బట్టి ఆనవాలు

ఇంజన్ ఆయిల్ చల్లగా ఉన్నప్పుడు పెద్దగా వాసన వేయదు. వేడి ఇనుము మీద పడినప్పుడే అసలు ఘాటు. సాధారణ ఇంజన్ ఆయిల్ మంటకు అంటుకునే ఆవిరి ఇవ్వాలంటే రెండు వందల డిగ్రీల సెల్సియస్ దాటాలి. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ లోడు మీద ఉన్నప్పుడు అంతకు రెండింతలకు పైగా వేడెక్కగలదు. కాబట్టి దాని మీద పడిన ఒక్క చుక్క కూడా నీలి పొగై, ముక్కును మండించే మాడు వాసన ఇస్తుంది.

గేర్ ఆయిల్‌లో గంధకం, భాస్వరం కలిసిన రసాయనాలు ఉంటాయి. వాటివల్ల అది కుళ్లిన ఉల్లి లాంటి వాసన వేస్తుంది. ఒకసారి గుర్తుపట్టిన ముక్కు దాన్ని మర్చిపోదు. కూలెంట్ తియ్యటి వాసన వేస్తుంది. దానితో పాటు ముందు అద్దం లోపలి వైపు జిడ్డు పొగలా పడితే డ్యాష్‌బోర్డు వెనుక ఉన్న హీటర్ కాయిలు కారుతున్నట్టు. మన ప్రాంతంలో హీటరు వాడేవారు తక్కువే అయినా, చాలా కార్లలో ఆ కాయిలులో కూలెంట్ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. బ్రేక్ ఆయిల్‌ది చేపను తలపించే వాసన. క్లచ్ ప్లేట్లు అరిగి మాడితే కాలిన కాగితం వాసన వస్తుంది, దాన్ని ఆయిల్ వాసనగా పొరబడేవారు చాలామంది. కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తే లీకుల కోసం వెతకనక్కర్లేదు. ఇంజన్‌కు పెట్రోలు ఎక్కువై క్యాటలిటిక్ కన్వర్టరు దాన్ని జీర్ణించుకోలేకపోతున్నదేమో చూడాలి.

ముక్కును నమ్మడంలో ఒక ఇబ్బంది ఉంది. ఒకే వాసనలో కొన్ని నిమిషాలు కూర్చుంటే ముక్కు దానికి అలవాటు పడిపోతుంది. రోజూ ఆ కారు నడిపే యజమాని సాక్ష్యం కన్నా, అప్పుడే తలుపు తీసి కూర్చున్న కొత్త మనిషి సాక్ష్యం విలువైనది. కారులో వేలాడదీసే సెంటు సీసాలు ఈ పనికి పెద్ద శత్రువులు. తనిఖీకి ముందు రోజే వాటిని తీసేసి, అద్దాలు దించి, ఒక పూట గాలి ఆడనివ్వాలి.

ఎప్పుడు వస్తోంది

పొద్దున్నే చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయగానే వచ్చే వాసన పెట్రోలుదో డీజిల్‌దో అయ్యే అవకాశం ఎక్కువ. చల్లగా ఉన్నప్పుడు రబ్బరు పైపులు ముడుచుకుని, బిగింపుల దగ్గర సన్నగా కారతాయి. ఇంజన్ వేడెక్కాక అదే చోట పట్టు కుదిరి ఆగిపోవచ్చు. పది, పదిహేను నిమిషాల ప్రయాణం తర్వాత మొదలయ్యే మాడు వాసన ఇంజన్ ఆయిల్‌ది. ఇంజన్ ఆపి, దిగి, బానెట్ దగ్గర నిలబడితే ఇంకా ఘాటుగా ఉంటే ఇక సందేహం అక్కర్లేదు. మలుపుల్లో, అదీ ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు మాత్రమే పెట్రోలు వాసన వస్తే ట్యాంకు పై భాగాన్ని అనుమానించాలి. ఏసీ వేసినప్పుడే వచ్చి, తీస్తే పోయే వాసనకు మూలం ఏసీ కాయిలు దగ్గర ఉండొచ్చు. అక్కడ గ్యాస్‌తో పాటు కంప్రెసర్ ఆయిల్ కూడా సన్నగా బయటపడుతుంది.

ఇక్కడ రీసర్క్యులేషన్ బటన్ పెద్ద సాయం చేస్తుంది. అది నొక్కితే జాలీ దారి మూసుకుని, లోపలి గాలే తిరుగుతుంది. నొక్కిన రెండు మూడు నిమిషాల్లో వాసన తగ్గితే మూలం బయట, ఇంజన్ వైపు ఉంది. తగ్గకపోగా పెరిగితే అది క్యాబిన్‌లోనో, డిక్కీలోనో, ఏసీ పెట్టెలోనో పుడుతోంది. కాణీ ఖర్చు లేని పరీక్ష ఇది. అయినా ఎన్నో షెడ్లలో ఇది చేయకుండానే బానెట్ ఎత్తుతారు.

మేడ్చల్ వైపు ఉండేవారికి పరీక్షా ప్రయాణానికి దారి సిద్ధంగా ఉంది. కొంపల్లి నుంచి సర్వీసు రోడ్డులో నెమ్మదిగా, జాలీ దారి తెరిచి, అద్దాలు మూసి కండ్లకోయ దాకా రావాలి. అక్కడ అవుటర్ ఎక్కి నిలకడైన వేగంతో శామీర్‌పేట ఎగ్జిట్ వరకు పోవాలి. దిగాక రోడ్డు పక్కన సురక్షితమైన చోట ఆపి, ఇంజన్ నడుస్తుండగా కాసేపు, ఆపేసి కాసేపు కూర్చోవాలి. వెనుక సీటులో మరొకరు ఉండి ఎక్కడ, ఎప్పుడు వాసన వచ్చిందో రాసుకుంటే ఆ కాగితం మెకానిక్‌కు ఏ స్కానరూ ఇవ్వలేని సమాచారం ఇస్తుంది. ఆయిల్ కారితే వెలిగే లైటు చాలా కార్ల డ్యాష్‌బోర్డులో లేదు. ఉన్న ఎర్ర లైటు ఆయిల్ ఒత్తిడి పడిపోయాకే వెలుగుతుంది, అప్పటికి ఇంజన్‌కు నష్టం మొదలై ఉంటుంది.

ఇంజన్ ఆయిల్ కారే చోట్లు

మాడు వాసనకు అన్నిటికన్నా ముందు అనుమానించవలసింది ట్యాపెట్ కవర్ గ్యాస్కెట్. ఇంజన్ పైభాగాన మూతలా ఉండే కవరుకూ ఇంజన్‌కూ మధ్య ఉండే ఈ రబ్బరు, ఏళ్ల తరబడి వేడికి గట్టిపడి పట్టు కోల్పోతుంది. ఆయిల్ సన్నగా పాకి కిందనున్న ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీద పడుతుంది. నేల మీద ఒక్క చుక్క కూడా కనిపించదు, కారినదంతా అక్కడే కాలిపోతుంది. “నేల మీద మరక లేదు, కాబట్టి లీకు లేదు” అనే వాదన ఇక్కడ చెల్లదు.

కొన్నిసార్లు గ్యాస్కెట్ బాధితురాలు మాత్రమే. పిస్టన్ల పక్క నుంచి కొంత పొగ, ఆవిరి ఎప్పుడూ కింది చాంబర్‌లోకి జారుతుంటాయి. ఒకప్పటి ఇంజన్లలో వాటిని ఒక గొట్టం ద్వారా నేరుగా రోడ్డు మీదికి వదిలేవారు. 1960ల మొదట్లో కాలిఫోర్నియాలో పొగమంచు కాలుష్యాన్ని తగ్గించే ప్రయత్నంలో ఆ ఆవిరిని తిరిగి ఇంజన్‌లోకే పంపి కాల్చే ఏర్పాటు తప్పనిసరి అయింది. అదే పీసీవీ వాల్వు, మెకానిక్‌ల మాటల్లో బ్రీథర్. ఇది మడ్డి పట్టి మూసుకుపోతే చాంబర్‌లో ఒత్తిడి పెరిగి, బలహీనంగా ఉన్న ప్రతి సీలు నుంచీ ఆయిల్‌ను బయటికి నెడుతుంది. బ్రీథర్ శుభ్రం చేయకుండా గ్యాస్కెట్ మాత్రం మారిస్తే కొన్ని నెలల్లో కొత్తది కూడా కారుతుంది. రిపేరు పని మళ్లీ మళ్లీ చేయాల్సి రావడానికి ఇంతకన్నా పెద్ద కారణం లేదని చెప్పవచ్చు. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూతను జాగ్రత్తగా వదులు చేసి చూస్తే, లోపలి నుంచి బలంగా గాలి తన్నడమో, పొగ గుప్పున రావడమో కనిపిస్తే ఒత్తిడి పెరిగినట్టే.

తర్వాతి వరుసలో ఆయిల్ ఫిల్టరు, డ్రెయిన్ బోల్టు వాషరు, ఆయిల్ ప్రెషర్ స్విచ్, క్యామ్, క్రాంక్ సీళ్లు, టర్బో ఉన్న బండ్లలో టర్బోకు ఆయిల్ తెచ్చే పైపు ఉంటాయి. సర్వీసింగ్ అయిన వెంటనే వాసన వస్తే కంగారు పడనక్కర్లేదు. ఫిల్టరు విప్పినప్పుడు ఒలికిన ఆయిల్ సైలెన్సర్ మీద కాలుతుండవచ్చు. కింది భాగానికి తుప్పు పట్టకుండా పూసే నల్లటి కోటింగ్ కూడా కొన్నాళ్లు అలాంటి వాసనే ఇస్తుంది. రెండు మూడు రోజుల వాడకంలో తగ్గిపోవాలి. తగ్గకపోతే బండిని లిఫ్టు ఎక్కించాలి. పాత ఫిల్టరు రబ్బరు ఇంజన్‌కే అతుక్కుని ఉండగా దాని మీదే కొత్త ఫిల్టరు బిగించడం షెడ్లలో జరిగే పొరపాటు. అది ఏ క్షణాన్నైనా ఆయిల్ మొత్తాన్ని కుమ్మరించేస్తుంది.

శామీర్‌పేట చుట్టూ ఉన్న వెంచర్ల రోడ్లు ఆయిల్ చాంబర్‌కు గండం. స్పీడ్ బ్రేకర్‌కో, మట్టిలో దాగిన రాయికో చాంబర్ తగిలితే సొట్ట పడటంతో పాటు బోల్టు చుట్టూ సన్నని పగులు రావచ్చు. గట్టిగా తగిలిన చప్పుడు విన్న రోజే ఇంజన్ ఆపి, చల్లారాక గేజ్ తీసి ఆయిల్ మట్టం చూసుకోవడం మంచిది.

డీజిల్ బండ్ల ప్రత్యేకత

డీజిల్ పెట్రోలులా త్వరగా ఆవిరి కాదు. చుక్క పడితే వారాల తరబడి అక్కడే ఉండి వాసన వేస్తుంది. కామన్ రైల్ ఇంజన్లలో ఇంజెక్టర్ల దగ్గర మిగిలిన డీజిల్‌ను ట్యాంకుకు తిరిగి పంపే సన్నని పైపులు పాతబడితే చెమర్చుతాయి. అంతకన్నా మోసకారి, ఇంజెక్టర్ అడుగున ఉండే రాగి వాషరు. అది పట్టు వదిలితే సిలిండర్‌లోని మంట వాయువు ప్రతి పేలుడుకూ చుక్ చుక్‌మంటూ బయటికి వస్తుంది. ఇంజెక్టర్ చుట్టూ తారులా నల్లటి మడ్డి పేరుకుంటుంది. ఆ వాయువు నేరుగా జాలీ వైపు లేచి లోపలికి చేరుతుంది. అందులో కార్బన్ మోనాక్సైడ్ కూడా ఉంటుంది కాబట్టి దీన్ని వాయిదా వేయకూడదు.

దేశమంతటా 2020 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన బీఎస్-6 ప్రమాణాలతో డీజిల్ కార్లలో మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టరు సాధారణమైంది. మసి నిండాక ఇంజన్ అదనంగా డీజిల్ చిమ్మి, ఫిల్టరు వేడిని ఆరు వందల డిగ్రీల దరిదాపులకు పెంచి దాన్ని కాల్చేస్తుంది. ఆ కాసేపు మాడు వాసన, ఫ్యాను హోరు సహజం. బండికి జబ్బు ఏమీ లేదు. అయితే కొంపల్లి నుంచి పిల్లల బడి వరకు, బడి నుంచి కూరగాయల మార్కెట్ వరకు తిరిగే డీజిల్ కారుకు ఈ ప్రక్రియ ఎప్పుడూ సగంలోనే ఆగిపోతుంది. చిమ్మిన డీజిల్ కొంత సిలిండర్ గోడల మీదుగా ఇంజన్ ఆయిల్‌లోకి దిగుతుంది. అప్పుడు గేజ్ మీద ఆయిల్ మట్టం తగ్గకపోగా పెరుగుతుంది, మూత తీస్తే డీజిల్ వాసన కొడుతుంది. పలచబడ్డ ఆయిల్ బేరింగులను కాపాడలేదు. అలాంటి బండికి అప్పుడప్పుడు అవుటర్ మీద అరగంట నిలకడైన పరుగు నిజంగా మందు. ఆయిల్ అప్పటికే పలచబడి ఉంటే మాత్రం ముందు దాన్ని మార్చాలి.

పెట్రోలు, గ్యాస్

పెట్రోలు మైనస్ నలభై డిగ్రీల దగ్గరే అంటుకునే ఆవిరి ఇవ్వగలదు కాబట్టి దాని వాసనకు తేలిక కారణం వెతుక్కోవడం తగదు. చాలా కార్లలో పెట్రోలు పంపు ట్యాంకులో, వెనుక సీటు కింద ఉంటుంది. సీటు ఎత్తి రేకు మూత తీస్తే దాని రింగు కనిపిస్తుంది. పంపు రిపేరు తర్వాత ఆ రింగులోని రబ్బరు మార్చకపోతే నిండు ట్యాంకుతో మలుపు తిరిగినప్పుడల్లా పెట్రోలు చెమర్చుతుంది. ఎలుకలు కొరికిన పైపులు మరో కారణం. బ్యాటరీ పక్కన, ఇంజన్ మీద గడ్డిపోచలు, రెట్టలు కనిపిస్తే పైపులన్నీ వేలితో తడిమి చూడాలి.

బంకులో ఆటో కటాఫ్ పడ్డాక కూడా “రౌండ్ ఫిగర్ చెయ్యన్నా” అని నింపించుకునే అలవాటు చేటు చేస్తుంది. ట్యాంకు ఆవిరిని పట్టి ఉంచే బొగ్గు డబ్బాలోకి ద్రవ పెట్రోలే చేరి, అది పాడవుతుంది. 2014 ఏప్రిల్‌లో మారుతీ సుజుకీ 1,03,311 స్విఫ్ట్, డిజైర్, ఎర్టిగా కార్లను పెట్రోలు పోసే గొట్టం మార్చడానికి వెనక్కి పిలిచింది. అవి 2013 నవంబరు 12 నుంచి 2014 ఫిబ్రవరి 4 మధ్య తయారైనవి. కటాఫ్ మట్టం దాటి నింపితే ఇంధన వాసన, అరుదుగా లీకు రావచ్చన్నది కారణం. పాత కారు కొన్నవారు దాని ఛాసిస్ నంబరుపై ఏ రీకాల్ అయినా మిగిలి ఉందేమో అధికారిక సర్వీసు కేంద్రంలో అడిగి తెలుసుకోవాలి.

ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు ఇప్పుడు బంకుల్లో సాధారణమైంది. 2023 ఏప్రిల్ తర్వాతి కార్లలో దాన్ని తట్టుకునే పైపులు వాడుతున్నారు. అంతకు ముందరి బండ్లలో రబ్బరు పైపులు ఉబ్బాయా, పగిలాయా అని ఏడాదికోసారి చూసుకోవడం ఇప్పుడు అవసరం.

సీఎన్‌జీ కార్లలో వచ్చే ఘాటైన వాసన గ్యాస్‌ది కాదు, లీకు తెలియడం కోసం కలిపిన మెర్‌క్యాప్టన్ రసాయనానిది. హైదరాబాద్‌కు గ్యాస్ అందించే భాగ్యనగర్ గ్యాస్ అనేది గెయిల్, హిందుస్థాన్ పెట్రోలియంల ఉమ్మడి సంస్థ. దాని మదర్ స్టేషన్ (గ్యాస్ నింపే ప్రధాన కేంద్రం) శామీర్‌పేటలోనే ఉంది. ఈ దారుల్లో సీఎన్‌జీ క్యాబులు పెరిగాయి కాబట్టి ఆ వాసనను ఆయిల్ వాసనగా పొరబడకుండా తెలిసి ఉండాలి. వస్తే సిలిండర్ వాల్వు కట్టేసి, తలుపులు తెరిచి, బండి దిగాలి.

క్యాబిన్‌లోనే పుట్టే వాసన

బానెట్ ఎత్తే ముందు చెప్పులు చూసుకోవాలి. డీజిల్ బంకు నేల మీద జిడ్డు తొక్కి ఎక్కితే ఆ వాసన మ్యాటుకు పట్టి రోజుల తరబడి ఉంటుంది. పొలం మోటారుకనో జనరేటరుకనో డిక్కీలో తెచ్చిన డీజిల్ క్యాను ఒకసారి ఒలికితే కార్పెట్ కింది స్పాంజి దాన్ని పీల్చుకుంటుంది. పైన ఎంత తుడిచినా లాభం ఉండదు, స్పాంజి తీసి కడిగి ఎండబెట్టాలి. ఊరి నుంచి తెచ్చిన ఆవకాయ జాడీ, గానుగ నూనె క్యాను, గుడికి తీసుకెళ్లిన దీపం నూనె సీసా కూడా ఇదే కోవలోవి. ఎండలో నిలిపిన కారు వేడికి ఆ నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి కనరు వాసన వేస్తుంది. సబ్బు నీళ్లతో జిడ్డు వదలగొట్టాలి, సెంటుతో కప్పితే రెండు వాసనలు కలిసి భరించలేనివవుతాయి.

హైడ్రాలిక్ క్లచ్ ఉన్న కార్లలో పెడల్ పైన ఉండే మాస్టర్ సిలిండర్ సీలు పోతే బ్రేక్ ఆయిల్ పెడల్ కాడ వెంట లోపలికే కారుతుంది. డ్రైవర్ పాదాల దగ్గర తడి, డబ్బాలో తగ్గుతున్న మట్టం, మెత్తబడిన పెడల్ కలిసి కనిపిస్తే అది ఖాయం. ఇది వాసన సమస్యగా మొదలై, గేరు పడక నడిరోడ్డు మీద బండి ఆగిపోయే సమస్యగా ముగుస్తుంది.

బయటి వాసన

మేడ్చల్ రహదారి మీద లారీ వెనుక పోతున్నప్పుడు వచ్చే డీజిల్ పొగ, జవహర్‌నగర్ డంపింగ్ యార్డు వైపు నుంచి గాలి మళ్లినప్పుడు వచ్చే దుర్గంధం, పరిశ్రమల వాడల్లో రాత్రిపూట తేలే రసాయనాల ఘాటు, వీటిని కారు దోషాలుగా లెక్కించకూడదు. ఒకే చోట, ఒకే వేళకు వస్తూ, ఆ చోటు దాటగానే పోతే మూలం బయట ఉంది. క్యాబిన్ ఫిల్టరు దుమ్మును ఆపుతుంది గానీ, బొగ్గు పొర ఉన్నదైతే తప్ప వాసనను ఆపదు.

షెడ్డులో చేసే పరీక్షలు

మొదటిది, ఖర్చు లేనిది: రాత్రి కారు కింద పెద్ద అట్టముక్క పరచి, ముందు చక్రాల స్థానం గీసి పెట్టడం. పొద్దున పడిన మచ్చల స్థలం, రంగు సగం సమాధానం చెబుతాయి. పెట్రోలు బండి ఇంజన్ ఆయిల్ తేనె రంగు నుంచి గోధుమ రంగుకు మారుతుంది, డీజిల్ బండిది మార్చిన కొద్ది రోజులకే నల్లబడుతుంది. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ సాధారణంగా ఎరుపు. కూలెంట్ పచ్చ, గులాబీ, నీలం రంగుల్లో ఏదో ఒకటి. ఏసీ నుంచి కారే నీటికి రంగూ జిడ్డూ ఉండవు, దాన్ని చూసి బెదరనవసరం లేదు.

ఆ తర్వాత ఇంజన్ శుభ్రం చేయాలి. ఇక్కడే చాలామంది తొందరపడతారు. ముందు ఫోటోలు తీసుకోకుండా వాటర్ వాష్ చేయిస్తే, తడి ఎక్కడ మొదలైందో చెప్పే ఆనవాలు కొట్టుకుపోతుంది. ఆయిల్ కిందికి కారుతుంది, ఫ్యాను గాలికి వెనక్కి పాకుతుంది. కాబట్టి తడిసిన చోట్లలో అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా ముందున్నదే మూలం. శుభ్రం చేశాక అనుమానం ఉన్న చోట టాల్కం పౌడరు చల్లి కాసేపు నడిపితే, మొదట నల్లబడిన గీత లీకును చూపిస్తుంది. ఎక్కడా దొరకని సన్నని లీకుకు, ఆయిల్‌లో మెరిసే రంగు కలిపి, కొన్ని రోజులు తిరిగాక చీకట్లో అతినీలలోహిత టార్చితో చూస్తారు. ఆ వెలుగులో ఆయిల్ దారి మొత్తం పసుపుపచ్చగా మెరుస్తుంది. పెద్ద వర్క్‌షాపుల్లో పొగ యంత్రం కూడా ఉంటుంది. చాంబర్‌లోకో ఇంధన ఆవిరి పైపుల్లోకో తక్కువ ఒత్తిడితో పొగ పంపితే అది ఎక్కడ బయటపడితే అక్కడే కన్నం. పెట్రోలు వాసన ఉన్న బండికి ఇలాంటి పరీక్షలు ఇంటి దగ్గర చేయకూడదు.

ప్రమాద సూచనలు

పెట్రోలు వాసన హఠాత్తుగా పెరిగినా, బానెట్ నుంచి పొగ లేచినా పక్కకు తీసి, ఇంజన్ ఆపి, అందరూ దిగి దూరంగా నిలబడాలి. పొగ వస్తున్న బానెట్‌ను పూర్తిగా ఎత్తితే గాలి తగిలి మంట పెద్దదవుతుంది. జాతీయ రహదారి మీద సాయానికి 1033, ఎక్కడైనా అత్యవసరానికి 112 నంబర్లు ఉన్నాయి. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. దానితో కలిసి వచ్చే పొగ వాసనే మనకు అందే హెచ్చరిక. ఆయిల్ పొగ వాసనతో పాటు తలనొప్పి, వికారం, మగత అనిపించిన కారులో ఏసీ వేసుకుని నిద్రపోవడం ప్రాణాంతకం.

రిపేరు తర్వాత

లీకు ఆగిన రోజే వాసన పోదు. ఎగ్జాస్ట్ మీద ఎండిన ఆయిల్ కాలిపోయేవరకు, ఇంజన్ కింది ప్లాస్టిక్ షీటులో నిలిచిన మడ్డి తుడిచేవరకు కొంత మిగులుతుంది. క్యాబిన్ ఫిల్టరు ఆయిల్ పొగను పీల్చుకుని ఉంటుంది కాబట్టి దాన్ని కొత్తది వేయాలి. ఆ తర్వాత ముందు వెళ్లిన దారిలోనే, అదే వేగాలతో, అవే బటన్లతో మరోసారి నడిపి చూడాలి. మొదటిసారి రాసుకున్న కాగితంతో పోల్చినప్పుడు వాసన వచ్చే వేళ మారి ఉంటే, అది రెండో లీకు. పాత బండ్లలో రెండు లీకులు కలిసి ఉండటం సాధారణం, పెద్దది ఆగాకే చిన్నది తెలుస్తుంది. వేళ మారకుండా తీవ్రత మాత్రమే తగ్గి ఉంటే మిగిలింది పాత మరకల వాసన. వారం రోజులు ఆగి, గేజ్ మీద ఆయిల్ మట్టం మళ్లీ చూస్తే సరిపోతుంది.